రెండు వైపులా బాగుంది

పాలిష్ బావ లాంటి మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉంటాడంటే అతని బావమరిది చిటపట నమ్మడు. అక్క మొగుడు కాకపోయి ఉంటే ఏనాడో కాలర్ పట్టుకుని వీధిలోకి ఈడ్చేవాడు. పాటల రికార్డుల కొట్టు మొదట ఇద్దరూ కలిసి పెట్టిందే. విడిపోదాం అన్నది బావ. వాటాలు పంచిందీ బావే. సీలు విప్పని కొత్త రికార్డులన్నీ తన వైపు వేసుకుని, జనం ఇళ్ల అటకల మీద నుంచి దించి తెచ్చిన పాత సరుకంతా బావమరిది వైపు తోశాడు. పైగా "నీకు పాతవంటే ప్రాణం కదరా, అందుకే నీకిచ్చాను" అని భుజం తట్టాడు. ఆ చెయ్యి అప్పుడే విరిచేయాల్సింది. విరవలేదు. ఆ మంట ఇంకా ఆరలేదు.

అక్కడితో ఆగాడా? సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, అద్దాల కొట్టు తెరిచాడు. నీలం లైట్లు, కాఫీ మెషిను, మెత్తటి కుర్చీలు. అక్కడికి వచ్చేవాళ్లు రికార్డు కవరు ముఖం పక్కన పెట్టుకుని ఫోటోలు దిగుతారు. ఇంటికెళ్లి వింటారో లేదో దేవుడికెరుక. బావా వినడు. కవరు మెరిస్తే చాలు ఆయనకి. పాలిష్ అన్న పేరు ఊరికే రాలేదు.

చిటపట అన్న పేరూ ఊరికే రాలేదు. పాత రికార్డు తిరగడం మొదలుపెట్టగానే వచ్చే చప్పుడు అది. ఇతను నోరు తెరిచినా వచ్చేది అదే.

కానీ ఇతని కొట్లో ఒక పద్ధతి ఉంది. ఏ రికార్డయినా మొదటి నుంచి చివరి దాకా తను విన్న తర్వాతే అమ్మకానికి పెడతాడు. విన్నాక కవరు వెనక, మూలన, పెన్సిల్‌తో రాస్తాడు. ఫలానా పాటలో గీత ఉందనో, ఫలానా చోట గరగరలాడుతుందనో, ఏ లోపమూ లేకపోతే 'రెండు వైపులా బాగుంది' అనో. బడి ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయింది కాబట్టి అక్షరాలు వంకర తిరిగి ఉంటాయి. ఆ వంకర అక్షరాలను నమ్మే జనం నీలం లైట్లు దాటుకుని ఇతని ఇరుకు కొట్లోకి వచ్చేవారు. అతనికున్న ఆస్తి ఆ మాట ఒక్కటే.

ఒక వాన మధ్యాహ్నం ఓ అమ్మాయి వచ్చింది సరిగ్గా ఆ మాట మీదికే.

చేతిలో గొడుగు ఉంది. గొడుగు కింద రికార్డు పొడిగా ఉంది. ఆమె మాత్రం నిలువునా తడిసి ఉంది. గుమ్మంలో నిలబడి జుట్టు పిండుకుని, కవరు తిప్పి అతని ముక్కు ముందు పెట్టింది.

"ఈ రాత మీదేనా?"

"నాదే. ఏం?"

"రెండో వైపు మూడో పాట దగ్గర ప్లేయర్ ముల్లు ఎగురుతోంది. పాడేవాడికి ఎక్కిళ్లు పట్టుకున్నట్టుంది."

"నా కొట్లోంచి పోయిన రికార్డు ఎగరదు."

"ఎగిరింది కాబట్టే ఇంత వానలో వచ్చాను. షికారుకి రాలేదు."

అతను రికార్డు లాక్కున్నంత పని చేశాడు. లోపలి గదిలో ఉన్న తన ప్లేయర్ మీద పెట్టి, తలుపు బార్లా తెరిచి, వచ్చి ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడో పాట వచ్చింది. ఆమె ముక్కు చివర ఒక నీటి చుక్క వేలాడుతోంది. పడుతుందా, పడదా అని అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. పాట నున్నగా సాగిపోయింది. చుక్క పడింది. పాట వినకుండా చుక్కను చూసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"విన్నారుగా? ఎక్కిళ్లు వచ్చాయా?"

"మిమ్మల్ని చూసి భయపడి మానేసినట్టుంది."

"మీ ప్లేయర్ పాతసామాన్లవాడికి వేసేయండి."

"అది నేనే విప్పి, నేనే బిగించుకున్న ప్లేయర్."

"అదీ సంగతి."

"ఏది సంగతి?"

"ఎందుకు ఎగురుతుందో ఇప్పుడు అర్థమైంది."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి కవర్లు కాలిపోవాలి. ఆ రికార్డు ఇచ్చేసి, బదులుగా ఇంకొకటి తీసుకుని, గొడుగు విప్పకుండానే వానలోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఇదీ ఎగిరిందట. అతని దగ్గర పెడితే ఇదీ ఎగరలేదు.

"నువ్వసలు మనిషివేనా?" అంది.

"నువ్వా? నిన్నటిదాకా ఉన్న 'మీరు' ఎక్కడికి పోయింది?"

"మొన్నటి వానకి కొట్టుకుపోయింది. ఇంకోటి ఇవ్వు. 'బాగుంది' అని రాసింది చూసి ఇవ్వు. నీ 'బాగుంది'కి అర్థమేంటో తేల్చుకుంటాను."

మూడోసారి ఆమె వీధి దాటి వస్తుంటే అతను గుమ్మంలోంచి చూశాడు. వస్తున్నది బావ కొట్లోంచి. నడుముకి మెకానిక్కులు కట్టుకునే తోలు సంచి, అందులో స్క్రూడ్రైవర్లు. పాడైన ప్లేయర్లు బాగుచేయడానికి బావ ఎవరినో పెట్టుకున్నాడని అక్క చెప్పింది. ఆ ఎవరో ఈమె.

ఇక అతన్ని పట్టడం ఎవరి తరం?

"ఇప్పుడు తెలిసింది. మా బావ పంపాడు నిన్ను. నా రాత తప్పని వీధంతా చాటించాలి, నా కొట్టు మూయించాలి. వాటాలు కాజేసింది చాల్లేదా? వెళ్లి చెప్పు, ఈ వేషాలు నా దగ్గర కుదరవని."

ఆమె తెచ్చిన రికార్డు బల్ల మీద మెల్లగా పెట్టింది. గట్టిగా పెట్టి ఉంటే అతనికి కాస్త సులువుగా ఉండేది.

"మీ బావకి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలీదు. ఆయన పంపితే వెళ్లేదాన్నీ కాను, ఆపితే ఆగేదాన్నీ కాను. ఆదివారం మా ఇంటికి రా. నీ రికార్డులు నువ్వే తెచ్చుకో, నీ చేత్తో నువ్వే పెట్టు. ఎగరకపోతే ఈ వీధి మధ్యలో నిలబడి నీకు దండం పెడతాను."

"ఎగిరితే?"

"ఇంక ఆ పెన్సిల్ ముట్టుకోకు."

ఆదివారం అతను తన కొట్లో మేలైనవి ఏరి సంచిలో వేసుకుని వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో వాళ్లమ్మ కుట్టుమిషను మీద ఎవరిదో కోటు కుడుతోంది. నేలంతా గుడ్డపీలికలు. కళ్లజోడు పైనుంచి అతన్ని చూసింది.

"ఈయనేనా ఆ మొండిఘటం?"

"ఈయనే అమ్మా."

"బాగానే ఉన్నాడే. కూర్చో బాబూ. దారాల ఉండ మీద కాదు, పక్కన."

వెనక గదిలో బల్ల నిండా పొట్టలు విప్పిన ప్లేయర్లు. ఆమె తనది చూపించి తప్పుకుంది. అతను రికార్డు తన చేత్తో పెట్టాడు, ముల్లు తన చేత్తో దించాడు. రెండో పాటలో ఎగిరింది. ఇంకొకటి పెట్టాడు. మొదటి పాటలోనే ఎగిరింది. తనకెంతో ఇష్టమైనది, ఎవరికీ అమ్మకుండా దాచుకున్నది పెట్టాడు. అది కుంటుకుంటూ, గుటకలు మింగుతూ, చివరికి ఒకే మాట దగ్గర ఆగిపోయి అదే పాడుతూ ఉండిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నీ ప్లేయర్‌లో ముల్లు పట్టుకునే చెయ్యి మరీ తేలిక" అన్నాడు. "అందుకే ఎగురుతోంది. బరువు పెట్టాలి. నేను ముల్లు పైన నాణెం పెడతాను."

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది.

"ఏం పెడతావు?" అంది ఆమె.

"నాణెం. ఎగరకుండా. టేపు వేసి అంటించి ఉంటుంది. కొట్టు పంచుకున్నప్పుడు ప్లేయర్‌తో పాటే వచ్చింది. బావ పెట్టాడు."

ఆమె డ్రాయరు లాగి భూతద్దం తీసి అతని చేతిలో పెట్టింది. దీపం దగ్గరికి లాగింది. అతని రికార్డు పక్కన, ఎవరూ ఆడించని తన రికార్డు ఒకటి పెట్టింది. ఆమె దానిలో ముల్లు నడిచే గాడి అద్దంలా మెరుస్తోంది. అతని దానిలో గాడి అంచులు బూడిదరంగుకి తిరిగి, నమిలి వదిలేసినట్టున్నాయి.

"అంత బరువు పెడితే ముల్లు ఎగరదు, నిజమే. గాడిని కోసుకుంటూ పోతుంది. ఆ తర్వాత మామూలు ముల్లు ఏదొచ్చినా ఆ కోతలో తట్టుకుని ఎగురుతుంది. నువ్వు పాటలు వినట్లేదు. దుక్కి దున్నుతున్నావు."

అతను చాలాసేపు భూతద్దం దించలేదు.

"అంటే, నేను విన్న ప్రతి రికార్డూ..."

"రెండు వైపులా" అంది ఆమె.

ఎంత శ్రద్ధగా విన్నాడో అంత నాశనం చేశాడు. ఏ రోజూ ఏదీ వినని బావ సరుకు మాత్రం పెళ్లికూతురిలా మెరుస్తోంది. దీనికి ఎవరి గొంతు పట్టుకోవాలో అతనికి తెలియలేదు. అలవాటు ప్రకారం బావ గొంతే గుర్తుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అద్దాల కొట్లో పడ్డాడు. అక్క కాఫీ మెషిను తుడుస్తోంది. మెకానిక్ అమ్మాయి తన మూలలో ఏదో బిగిస్తోంది.

"నాణెం నువ్వే పెట్టావు కదూ?"

"ఏ నాణెంరా?" అన్నాడు బావ. తర్వాత గుర్తొచ్చింది. "ఓ, అదా. ముల్లు అరిగిపోతే, కొత్తది కొనేదాకా ఉంటుందని పెట్టాను. తీసేయమని చెప్పాననుకున్నానే."

"చెప్పలేదు."

"చెప్తే మాత్రం వినేవాడివా? సరే, అయిందేదో అయింది. నీ మంచికే చెప్తున్నా విను. పెన్సిల్ రాతలన్నీ చెరిపెయ్. ప్లాస్టిక్ కవర్లు తొడుగు. అడిగితే, పాతకాలపు శబ్దం ఇలాగే ఉంటుందని చెప్పు. ఎగబడి కొంటారు. ఈ అమ్మాయి సంగతంటావా, నా దగ్గర జీతం తీసుకునే మనిషి. నోరు మెదపదు."

"ఏదీ, మెదపకుండా చేసి చూపించండి" అంది అక్క, గుడ్డ ఆపకుండానే.

చిటపట బయటికి నడిచాడు. తిరుగుదారిలో వీధి మధ్యలో నిలబడిపోతే సైకిలు మీద పోయేవాడెవడో తిట్టి పోయాడు. అది కూడా వినిపించుకోలేదు. బావ చెప్పింది చేస్తే కొట్టు నిలుస్తుంది. జనం రాతను నమ్ముతూనే ఉంటారు. ఆ రాత రాసినవాడు మాత్రం ఉండడు.

మధ్యాహ్నానికి కొట్టు ముందు అట్టముక్క వేలాడింది. 'ఈ కొట్లో విన్న రికార్డులన్నీ నా ప్లేయర్ వల్ల పాడైనాయి. బాగుంది అని రాసింది తప్పు. తెచ్చి ఇస్తే డబ్బు వాపసు.' అక్షరాలు ఎప్పటిలాగే వంకర.

జనం వచ్చారు. కొందరు జాలిపడ్డారు, ఎక్కువమంది తిట్టారు. ఒక పెద్దాయన మాత్రం "నాకు బానే వినపడుతోందయ్యా" అని తనది వెనక్కి పట్టుకుపోయాడు, చెవిలో మెషిను సర్దుకుంటూ.

సాయంత్రం ఆమె తోలు సంచి భుజాన వేసుకుని వీధి దాటి వచ్చింది. నేరుగా లోపలి గదిలోకి వెళ్లి, నాణెం పీకి కిటికీలోంచి విసిరేసి, ప్లేయర్ విప్పడం మొదలుపెట్టింది.

"అక్కడ పని?"

"మానేశాను. నోరు మెదపకుండా ఉండటానికి వేరే జీతం కావాలన్నాను. కుదరలేదు."

"నేనేం ఇవ్వలేను."

"అడిగానా? ఆ దీపం ఇటు పట్టుకో. చెయ్యి వణక్కుండా పట్టుకో."

అతను పట్టుకున్నాడు. అంత దగ్గర్నుంచి చూస్తే ఆమె కనురెప్ప మీద గ్రీజు చుక్క ఉంది. తుడవమని చెప్దామా అనుకుని, కోపం తెచ్చుకున్నాడు.

"అసలు మొదటిసారే డబ్బు తీసుకుని పోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు. మళ్లీ మళ్లీ ఎందుకొచ్చావు?"

"మొదటిసారి రికార్డు కోసం వచ్చాను. రెండోసారి ఒళ్లు మండి వచ్చాను." ముల్లు కింద వేలు పెట్టి బరువు చూస్తూ అంది. "మూడోది ఇంట్లో పెట్టి కూడా చూడలేదు. కవరు విప్పకుండానే తెచ్చాను."

అతను దీపం పక్కకి దించాడు.

"ఎగిరిందని తెచ్చావుగా."

"ఎగిరిందని అన్నానా? బల్ల మీద పెట్టానంతే. నువ్వే బావ బావ అని మొదలెట్టావు."

"నన్ను వెర్రివాణ్ణి చేశావన్నమాట."

"నాకంత ఓపిక లేదు. నువ్వే అయ్యావు."

"నీ మొహం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది, తెలుసా?"

"తెలుసు."

"పొద్దున్నే మొదలై రోజంతా మండుతుంది. నువ్వు రాని రోజు ఇంకా ఎక్కువ మండుతుంది."

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. మొదటిసారి నవ్వింది. చూడటానికి అది కూడా కోపంలాగే ఉంది.

"నాకూ అంతే. వచ్చి మా అమ్మతో చెప్పు. ఇలా అరుస్తూ కాదు."

చెప్పడానికి వెళ్లేసరికి నెల దాటింది. వద్దంటున్నా అక్క వచ్చింది, అక్క వచ్చింది కాబట్టి బావా వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త మాటలు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, వాళ్లమ్మ ఎదురుగా కూర్చుంది.

"అబ్బాయి వ్యాపారం ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు బావ. "మధ్యలో చిన్న ఒడుదుడుకు. ఏదో వెయ్యో రెండు వేలో..."

"మిమ్మల్ని అడగలేదు బాబూ." ఆవిడ చిటపట వైపు తిరిగింది. "మా పిల్ల రోజూ నీ దగ్గరే చేస్తోంది. ఎంత పోయిందో నాకు చెప్పింది. అదే మాట నీ నోటితో వినాలి. ఒక్కటి తగ్గించి చెప్పావంటే, గుమ్మం అటుంది. అసలేం సంపాదించావో తర్వాత అడుగుతాను."

బావ కాలితో అతని కాలు నొక్కాడు. అతను ఆ కాలు మీద కసిదీరా తొక్కాడు. అక్క చూసింది, చూడనట్టు ఊరుకుంది. తలుపు పక్కన నిలబడి కూతురు గోళ్లలోని గ్రీజు గీక్కుంటోంది, తలెత్తకుండా. ఏ క్షణమైనా తలెత్తుతుందని అతనికి తెలుసు.

"సంపాదించింది ఏమీ లేదండీ" అన్నాడు. ఆమె తలెత్తింది. "తెచ్చినవాళ్లందరికీ ఇచ్చేశాను, మిగిలిన సరుకు తూకానికి వేశాను, కొత్త ముల్లు కొన్నాను. అన్నీ లెక్క వేస్తే నాకు పోయింది డెబ్బై రెండు వేల నాలుగు వందల యాభై."