ఇంకొక్క పూత

నీళ్ళు ఎక్కువ కలిపితే దూరం, రంగు ఎక్కువ కలిపితే దగ్గర. ప్రకృతి చిత్రాలు వేయడం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి పాఠం ఇదేనని పంతులమ్మ చెప్పింది. ఆవిడకి నా మనవరాలి వయసుంటుంది. నన్ను తాతగారూ అని పిలుస్తుంది గానీ, తప్పు వేస్తే ఊరుకునే రకం కాదు.

టైలరు దుకాణం మీదున్న గదిలో ఆదివారాలు పొద్దున్నపూట క్లాసు. కింద మిషన్లు టకటకమంటుంటాయి. పైన మేం తలలు వంచుకుని కాగితాలు తడుపుకుంటూ ఉంటాం. నేను బతుకంతా గోడలకి వెల్ల వేసినవాణ్ణి. అక్షరాలు కూడా నలభై దాటాక రాత్రిబడిలోనే దిద్దాను. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. ఇంట్లో కూర్చుని వాళ్ళమ్మ ప్రాణం తీస్తున్నానని మా అమ్మాయి నన్ను అక్కడ చేర్చింది.

చేరిన రోజే పంతులమ్మతో పేచీ పెట్టుకున్నాను. దగ్గరున్నదీ చెట్టే, దూరానున్నదీ చెట్టే, దానికి మాత్రం పలచటి రంగు వేసి అన్యాయం చెయ్యడమేమిటని అడిగాను. పక్కనున్న కళ్ళజోడాయన ముసిముసిగా నవ్వాడు. పంతులమ్మ ఓపిగ్గా చెప్పింది. మధ్యలో గాలీ దుమ్మూ ఉంటాయట. అందుకే దూరపువి పాలిపోయి, నీలంగా, అంచులు లేకుండా కనిపిస్తాయట. దగ్గరికొచ్చేకొద్దీ రంగు చిక్కబడాలి, అంచు తేలాలి, కాగితం మీద చోటు కిందికి దిగాలి. నమ్మకపోతే ఇంటికి పోయి చూసుకోమంది.

మా పెరటి వసారాలో కూర్చుని చూశాను. దూరంగా గుట్ట. దాని ముందు చెట్ల వరస. తర్వాత రోడ్డు. రోడ్డుకి ఇవతల ఖాళీ స్థలం, మా ప్రహరీ గోడ, గోడ పక్కన బట్టలారేసే దండెం. ఆవిడ చెప్పినట్టే ఉంది. ఒళ్ళు మండింది గానీ ఒప్పుకున్నాను. దాన్నే బొమ్మ వేద్దామని కూర్చున్నాను.

కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి వెయ్యాలన్నది ఇంకో పాఠం. అది మాత్రం నేను వినలేదు. గోడ ఎప్పుడైనా పడుకుందా? అట్టని గోడకి నిలబెట్టి, కాగితం తడిపి, ఆకాశంతో మొదలుపెట్టి పలచగా గుట్ట దాకా దింపాను. అప్పుడే బ్రష్షు నుంచి ఒక చుక్క జారి గుట్ట మొదట్లో పడింది. బియ్యపు గింజంత మరక.

గోడ మీద మరక కనిపిస్తే నాకు తెలిసిన మందు ఒక్కటే. దాని మీద ఇంకో పూత. పనికెళ్ళిన రోజుల్లో మా ఆవిడే సున్నం కలిపేది, నిచ్చెన పట్టుకునేది. బకెట్లు మోసీ మోసీ ఆవిడ కుడి భుజం కిందికి దిగిపోయింది. ఇంకో పూత వేస్తాననగానే కింద నుంచి, "చాలయ్యా, ఇక దిగు" అనేది. నేను దిగేవాణ్ణి కాదు.

ఇక్కడా అంతే చేసి, గోడా దండెం దాకా మిగతా బొమ్మ పూర్తి చేశాను. ఆరిన తర్వాత చూస్తే మరక పోలేదు. రంగు చిక్కబడింది. తడికి కాస్త కిందికి జారి చెట్ల వరసలోకి వచ్చింది.

ఆదివారం బొమ్మ పట్టుకెళ్ళాను. పంతులమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఈ మనిషిని ఎందుకు పెట్టారు తాతగారూ?"

"మనిషి కాదమ్మా. మరక."

ఆవిడ బొమ్మ నాకిచ్చేసి, చేతులు కడుక్కుంది. ఇక దీన్ని ముట్టుకోవద్దంది. ఇది సున్నం కాదు, పూసినకొద్దీ మరక చావదు, ముదురుతుంది అంది. మరీ ఉండలేకపోతే తడి స్పాంజితో అద్దితే కొంత రంగు లేచొస్తుందట. లేదా ముందువైపు ఏదైనా చిక్కగా వేస్తే చూసేవాళ్ళ కళ్ళు అటు పోతాయట.

ఆ చివరి మాట నచ్చింది. దండెం దగ్గర మా ఆవిడని వేశాను. ముదురు రంగు, స్పష్టమైన అంచు, దిగిపోయిన కుడి భుజం. చిటికెనవేలంత బొమ్మ. అచ్చం ఆవిడే. చూపిస్తే, "నా నడుం అంత లావుందా?" అంది. కానీ వంట చేస్తూ మధ్యలో మూడుసార్లు వచ్చి చూసుకుంది.

మరుసటి రోజు ఆవిడే నన్ను పిలిచింది. రోడ్డు మీద ఎవరో పొద్దుట్నుంచీ ఇటే చూస్తూ నిలబడ్డారంది. నాకు చూపు ఆనలేదు. ఎవరో బస్సు కోసం ఆగి ఉంటారన్నాను. ఆ రోడ్డు మీద బస్సులు తిరగవంది.

బొమ్మ వంక చూశాను. మరక చెట్లు దాటి రోడ్డు మీద ఉంది.

నేను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోలేదనే అనుకుంటున్నాను. మొండితనం పైకొచ్చింది. ఒక నీటిచుక్క నాతో ఆటలాడుతుందా అనుకుని, చిక్కటి మట్టిరంగు కలిపి దాని మీద రెండు పూతలు వేశాను. ఆవిడ వసారా గడపలో నిలబడి చూస్తోంది.

"చాలయ్యా" అంది మెల్లగా.

సాయంత్రమైంది. వెలుగు పలచబడుతోంది. ఆవిడ ఆరిన దుప్పట్లు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. ముందు గుట్ట మాయమైంది, తర్వాత చెట్లు. గాలి లేదు. పక్షి అరుపు లేదు. ఎక్కణ్ణుంచో వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి చెమ్మ పట్టిన గోడని గీకితే లోపల నుంచి ఒక వాసన వస్తుంది. ఆ వాసన నాకు బాగా తెలుసు. మా ఇంట్లో అలాంటి గోడ లేదు.

బొమ్మ వైపు తిరిగాను.

అది మా ప్రహరీ గోడకి ఇవతల ఉంది. నల్లగా ఉంది. దానికి అంచులు వచ్చాయి. చేతులు వచ్చాయి... మా ఆవిడ బొమ్మకి ఎదురుగా, దండెం అవతల నిలబడి ఉంది.

పెరట్లోకి చూశాను. దండెం మీద పెద్ద దుప్పటి అడ్డంగా వేలాడుతోంది. దాని కింద నుంచి మా ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. అటువైపు చీకటి. దుప్పటి దండెం మీద నుంచి నెమ్మదిగా జారింది. నేల మీద పడలేదు. గాల్లో బిగుతుగా నిలబడింది.

"గట్టిగా పట్టుకో" అంది మా ఆవిడ. ఆవిడ గొంతులో భయం లేదు. రోజూ నాతో మాట్లాడినట్టే ఉంది. "ఆ కొస సరిగ్గా లేదు."

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఎప్పుడూ రెండో కొస పట్టుకునేది నేనే.

నేను వసారాలో ఉన్నాను. నా చేతిలో బ్రష్షు ఉంది.

దుప్పటి సగానికి మడతపడింది. మళ్ళీ సగానికి... ఇక కొసలు కలపాలి. కొసలు కలపాలంటే ఇద్దరూ ఎదురెదురుగా నడవాలి. ఆవిడ ఒక అడుగు వేసింది.

అటువైపు నుంచి కూడా ఒక అడుగు చప్పుడు వినిపించింది. తడి చప్పుడు.

"ఇలా తే" అంది ఆవిడ.

స్పాంజి కనపడింది. నీళ్ళ గిన్నెలో ముంచి బొమ్మ మీద అదిమాను. తుడిచాను. అద్దమంది పంతులమ్మ. నేను అద్దలేదు. గోడ కడిగినట్టు కడిగాను. గోడ, దండెం, ఆ నల్లటి ఆకారం, అన్నీ కలిసి నా మోచేతి మీదుగా కారిపోయాయి. పెరట్లో దుప్పటి దభీమని నేల మీద పడింది.

వాసన పోయింది.

మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. పట్టుకుని చూశాను. చెయ్యి చల్లగా ఉంది, అంతే. భయపడ్డావా అని అడిగాను. పెదవులు కదిలాయి. మాట వినిపించలేదు. కాసేపటికి, గుట్ట వైపు నుంచి, గాలికి చిరిగినట్టు సన్నగా ఆవిడ గొంతు వచ్చింది.

"ఎందుకూ..."

అప్పుడు గుర్తొచ్చింది. అదొక్కటే కాదు, దానికి ఎదురుగా ఉన్న ఆవిడ బొమ్మని కూడా కడిగేశాను.

ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆవిడ మాట బాగానే ఉంది, నాకే చెవుడని మా అమ్మాయి ముందే అన్నాడు. టైలరు మిషన్ల చప్పుడు వీధి మలుపు నుంచే వినిపిస్తుంది నాకు. ఆవిడ అన్నం తింటుంది, పడుకుంటుంది, పిలిస్తే చూస్తుంది. మాట మాత్రం గుట్ట దగ్గర నుంచే వస్తుంది. రోజురోజుకీ ఆలస్యంగా వస్తుంది.

కాగితం ఆరింది. ముందువైపు అంతా తెల్లబడింది. గుట్ట మొదట్లో ఒకే ఒక పాలిపోయిన మరక మిగిలింది, బియ్యపు గింజంత. భూతద్దం పెట్టి చూశాను. కుడి భుజం కిందికి దిగి ఉంది.

పంతులమ్మ చెప్పిన పాఠం ప్రకారం ఆవిడని దగ్గరికి తెచ్చుకోవడం కష్టమేం కాదు. రంగు కలపాలి, దాని మీద పూత వెయ్యాలి, అంతే. మట్టిరంగు కలిపి పళ్ళెం ముందు పెట్టుకున్నాను. కానీ ఆ మరకలో తనొక్కతే ఉందో లేదో నాకు తెలియదు.

ఈ సాయంత్రం బ్రష్షు ముంచేసరికి గుట్ట వైపు నుంచి గొంతు వచ్చింది. మా ఆవిడ గొంతే.

"ఇంకొక్క పూత వెయ్యయ్యా..."

నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్నడూ అడగని మాట అది. నువ్వేనా అన్నది అని అడగడానికి పక్కకి తిరిగాను.

ఆవిడ నా వైపే చూస్తూ నిటారుగా కూర్చుని ఉంది. పెదవులు కదల్లేదు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి.