అద్దాల షెడ్డులో జీతాల రోజు

"టోకెన్ నంబర్?" తలెత్తకుండానే అడిగింది ఆమె.

"లేదండీ."

"టోకెన్ లేకపోతే పే స్లిప్ ఇవ్వను. రూల్ అంతే."

"పే స్లిప్ కోసం రాలేదండీ. రూల్ మారిందని చెప్పడానికి వచ్చాను."

అప్పుడు తలెత్తింది. కిటికీ అవతల ఒక కుర్రాడు నిలువెల్లా తడిసి ముద్దై, లాప్‌టాప్ సంచిని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. అది మాత్రం పొడిగా ఉంది.

"గొడుగు లేదా?"

"ఉందండీ. దీనికి పట్టాను."

ఆమెకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

అది నిలువుటద్దాలు తయారు చేసే ఫ్యాక్టరీ. జీతాల సెక్షన్ మొత్తానికీ ఆమె ఒక్కతే. పనివాళ్లు ఆమెను 'కిటికీ మేడం' అంటారు. ఆ కిటికీ ఎదురుగా పొడవాటి షెడ్డు, గోడల పొడుగునా ఆనించిన అద్దాలు. అక్కడ ఒక మనిషి నడిస్తే ఊరేగింపు వెళ్తున్నట్టుంటుంది. జీతాల రోజుల్లో ఆమె ఆ అద్దాల వైపు చూడకుండా పని చేసుకోవడం అలవాటు చేసుకుంది.

కొత్త రూల్ ప్రకారం జీతాల లెక్కలు మార్చడానికి వచ్చిన ఆ కుర్రాడు సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి. తల తుడుచుకుంటూనే మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్లూ జీతాల్లోంచి పట్టుకున్న రిటైర్మెంట్ డబ్బుకి కంపెనీ వాటా కలిపి మూడు నెలలకోసారి ఫండ్‌కి కడితే సరిపోయేది. ఇకమీదట జీతం ఏ రోజో, అదీ ఆ రోజే పంపాలి. వారంలోగా ఎవరి ఖాతాలో వాళ్లకి పడాలి. రేపటి జీతాల నుంచే."

"తెలుసు. సర్క్యులర్ వచ్చిన రోజే చదివాను."

"అయితే నేను చెప్పేదేమీ లేదన్నమాట."

"లేదు. నోరు మూసుకుని పని చేసుకోవచ్చు."

"అదొక్కటీ నాకు చేతకాదండీ," అన్నాడు దిగులుగా.

ఈసారి నవ్వు ఆగలేదు.

మర్నాడు జీతాల రోజు. వాన ఇంకా వదల్లేదు. పొద్దున్నే పనివాళ్లు వరసగా వచ్చి పే స్లిప్పులు తీసుకుని వెళ్లిపోయారు. ఆమె కిటికీ తలుపు వేయబోతుంటే వెనక నుంచి అతను అన్నాడు.

"ఆ నీలం కోటు పెద్దాయనకి ఇవ్వలేదేం? పాపం, ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నారు."

ఆమె చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"ఎక్కడ?"

"అదిగో, ఆ అద్దంలో..." అంటూ అతను లేచి షెడ్డులోకి తొంగిచూశాడు. షెడ్డు ఖాళీ. మళ్లీ అద్దంలోకి చూశాడు. అద్దమూ ఖాళీయే.

"మీకూ కనిపించారా?" అంది ఆమె.

ఆ 'మీకూ' విని అతను కిటికీ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె మెల్లగా చెప్పింది. అద్దాలు పాలిష్ చేసే ఆయన్ని అందరూ పాలిష్ మావయ్య అనేవారు. వేరే ఫ్యాక్టరీ మానేసి ఇక్కడ చేరి, కొత్తగా ఫండ్ ఖాతా తెరిచాడు. ఖాతాలో మొదటి వాయిదా పడితే తప్ప దానితో పాటు వచ్చే ఇన్సూరెన్స్ మొదలుకాదు. జీతంలోంచి డబ్బయితే పట్టారు గానీ, కట్టడానికి గడువుంది కదా అని ఫ్యాక్టరీ పంపలేదు. ఈలోగా ఆయన గుండె ఆగిపోయింది. ఖాతా ఖాళీ. భార్యకి చిల్లిగవ్వ రాలేదు.

"అంతా రూల్ ప్రకారమే జరిగింది. ఆఖరిసారి ఈ కిటికీ దగ్గరే అడిగారు, 'పంపేశారా అమ్మాయ్?' అని. ఇంకా టైముంది మావయ్యా అన్నాను. అప్పట్నుంచీ జీతాల రోజున లైన్లో చివర నిలబడతారు. ఏమీ అనరు. చెబితే మతి పోయిందంటారని మా అమ్మకి కూడా చెప్పలేదు."

"నాకు చెప్పారుగా."

"మీరు చూశారుగా."

"అయితే ఇద్దరికీ పోయింది. ఒక్కరికే పోవడం కంటే నయం."

ఆమె నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను జేబు రుమాలు తీసిచ్చాడు. అదీ తడిసే ఉంది.

మధ్యాహ్నం మేనేజర్ వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఆర్డరేశాడు.

"జీతాలు పంపేయండి. ఫండ్ డబ్బు సంగతి తర్వాత చూద్దాం. గాజు సప్లై చేసేవాళ్లు బాకీ కోసం పీక మీద కూర్చున్నారు. ఒక్క నెలకి కొంపలేం మునగవు."

"ఒక కొంప మునిగింది సార్," అంది ఆమె.

మేనేజర్ ముఖం ఎర్రబడింది. "ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. కానీ రెండూ కలిపి పంపమంటేనే బటన్ నొక్కుతాను. లేదంటే ఇంకెవరితోనైనా నొక్కించుకోండి."

"సార్, ఆ రెండూ నేను ఒకే బటన్‌లో కలిపేశాను," అన్నాడు అతను అమాయకంగా. "విడదీయడం నాకు రాదు."

అది పచ్చి అబద్ధమని ఆమెకు తెలుసు. అతని వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

మేనేజర్ విసురుగా వెనక్కి తిరిగాడు. ఎదురుగా కనిపించిన అద్దంలో చూసుకుంటూ కాలర్ సర్దుకోబోయాడు. చెయ్యి కాలర్ దగ్గరే ఆగిపోయింది. ఆయన ముఖం పాలిపోతూ ఉండడం వాళ్లిద్దరికీ అద్దంలో కనిపించింది. ఏం చూశాడో ఆయన తర్వాతెప్పుడూ చెప్పలేదు.

"పంపండి," అన్నాడు వాళ్ల వైపు తిరక్కుండానే. "రెండూ పంపండి." షెడ్డులోంచి కాకుండా వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అందరి ఖాతాల్లోనూ డబ్బు పడింది. అతని పని అయిపోయింది. అయినా తర్వాతి నెల జీతాల రోజున కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"సిస్టమ్ చెక్ చేద్దామని..."

"సిస్టమ్ బాగానే ఉంది."

"నేనే బాగాలేనండీ."

ఆమె కంగారుగా తల తిప్పుకుంది. ఆ రోజు అద్దాల్లో ఎవరూ లేరు. తేలికపడాల్సింది పోయి, ఆమెకు ఎందుకో బెంగగా ఉంది. పైగా పొద్దున్నే మేనేజర్ పిలిచి, పాలిష్ ఆయన భార్యకి రాకుండా పోయిన ఇన్సూరెన్స్ మొత్తం కంపెనీయే ఇస్తుందని, ఆ సంగతి ఆమెనే వెళ్లి చెప్పమని పురమాయించాడు.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?" అంది.

"నేనూ వస్తాను. నా ముఖం కూడా వాడుకోండి."

మావయ్య భార్య ఉండేది మూడో అంతస్తులో. చీకటి మెట్లు, గోడలంతా చెమ్మ. సగం ఎక్కాక అతను ఆగాడు.

"మీరంటే నాకు ఇష్టమండీ. చాలా."

"ఇప్పుడా? ఇక్కడా?"

అతను జవాబు చెప్పేలోపే పైన తలుపు తెరుచుకుంది. ఒక కంటికి ఆపరేషన్ కట్టుతో, రెండో కన్ను సరిగా ఆనక, తలుపు పట్టుకుని నిలబడి ఉంది ఆవిడ.

"రండమ్మా. ముగ్గురూ లోపలికి రండి."

"ఇద్దరమే అత్తయ్యా."

"మూడు జతల అడుగులు వినిపించాయే. ఒకరు కాలు ఈడుస్తున్నారు కూడా..." ఆవిడ మాట సగంలో ఆగిపోయింది.

పాలిష్ మావయ్య కాలు ఈడ్చి నడిచేవాడని అతనికి తెలియదు. ఆమెకు తెలుసు. గభాలున అతని చెయ్యి పట్టుకుంది. వాళ్లిద్దరూ లోపలికి వచ్చాక కూడా అత్తయ్య కాసేపు తలుపు తెరిచే ఉంచింది, ఇంకెవరో రావలసి ఉన్నట్టు. తర్వాత చప్పుడు కాకుండా మూసింది.

కంపెనీ కబురు చెప్పారు. అత్తయ్య తలూపింది, అంతే. తర్వాత అడిగింది.

"ఈ అబ్బాయి ఎవరమ్మా?"

ఆమె ఇంకా అతని చెయ్యి వదల్లేదు. "నా మనిషి అత్తయ్యా."

అత్తయ్య తడుముకుంటూ ఇద్దరి తలల మీదా చేతులుంచింది. "కలకాలం చల్లగా ఉండండి," అంది. ఆవిడ ముఖంలో ఏడుపు లేదు.

తిరిగి మెట్లు దిగుతుంటే ఆమె మధ్యమధ్యలో ఆగి చెవులు రిక్కించింది.

"ఏం వింటున్నావ్?" అన్నాడు అతను. మొదటిసారి 'నువ్వు' అన్నానని అతనికే తెలియలేదు.

"మన ఇద్దరి అడుగులే," అంది ఆమె. "మావయ్య ఇంట్లోనే ఉండిపోయారు."