ఒక్క చెక్క, ఐదు ముక్కలు

టమాటా తోటంతా ఒక్క వారంలో వడలిపోయింది! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్క మొక్కా తలెత్తుకుని లేదు. భర్త గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెద్దకోడలు మాత్రం పక్కవాకిట్లోకే చూస్తూ నిలబడింది. తోడికోడలి ఇంటిముందు ఉల్లి బస్తాలు దిగుతున్నాయి! మొన్న మొక్కజొన్న, నిన్న కందులు, ఇవాళ ఇవి... ఆమె ఒక్కో బస్తానీ కసిగా లెక్కపెట్టింది. తెగులు ఆ చిన్నకోడల్నీ వదల్లేదు, కానీ పోయింది ఒక్క పొలం ముక్కలోనే. మిగతా నాలుగూ నాలుగు దిక్కులా పచ్చగా ఉన్నాయి!

పోనీ ఎవరినైనా తిట్టుకుందామా అంటే ఆ భాగ్యమూ లేదు. పంపకాలనాడు మామగారు, "పెద్దదానివి, ముందు నువ్వు కోరుకోమ్మా" అన్నారు. ఇంటివెనకే, బావి ఉన్న ఒకే పొలం చెక్కని ఎగబడి కోరుకుంది తనే! చెల్లాచెదురుగా ఉన్న ఐదు ముక్కలూ చిన్నదానికి మిగిలాయి. ఆ రోజు లోలోపల ఎంత మురిసిపోయిందని!

తోడికోడలి కూతుర్ని చంకనేసుకుని విసురుగా పక్కవాకిట్లోకి వెళ్ళింది. తనకి పిల్లల్లేరు, ఆ పిల్లని పెంచుతున్నది తనే.

"మళ్ళీ పంచుకుందాం! నా చెక్కలో సగం తీసుకో, మూడు ముక్కలు నాకివ్వు!"

కాళ్ళు కడుక్కుంటున్న చిన్నకోడలు చెంబు కింద పెట్టింది. ఆమె మడమలు పగిలి నెత్తురోడుతున్నాయి.

"మూడెందుకక్కా, ఐదూ తీసుకో! ఒకచోట కలుపు, ఒకచోట నీళ్ళు... పొద్దంతా నడకకే సరి. అంత దూరం కూలీలు కూడా రామంటారు. నీ చెక్క చూస్తే నాకెంత కుళ్ళో తెలుసా?"

"నన్ను చూసి... నీకా?"

"నా పిల్ల మొదటిసారి 'అమ్మా' అన్నది ఎవర్ని? నువ్వు ఇంటివెనకే ఉన్నావు, నేనేదో గట్టుమీద ఉన్నాను. పంటలు ఇంటికొచ్చాయక్కా... పిల్లే రాలేదు!"

నిజమే! ఆ పిలుపుని పెద్దకోడలు ఒక్కనాడూ సరిదిద్దలేదు. విన్నప్పుడల్లా మురిసిపోయి ఊరుకుంది.

ఆమె తోడికోడలి పగిలిన మడమల వంక చూసింది. "పంపకాలొద్దులే. అంతా కలిపే చేసుకుందాం. నా చెక్కలోనూ నాలుగు రకాలు వేద్దాం. రేపట్నుంచి దూరపు ముక్కలకి నేనెళ్తాను, నువ్వు ఇంటివెనక చూసుకో."

"నీకు అలవాటు లేదక్కా..."

"నడిస్తే అదే వస్తుంది."

చంకలోని పిల్ల ఆమె మెడ చుట్టేసి, "అమ్మా..." అంది. పెద్దకోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ చిట్టివేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసింది.

"నేను పెద్దమ్మని తల్లీ... అమ్మ అదిగో!" అంటూ పిల్లని తోడికోడలి చేతుల్లో పెట్టింది.