హంగేరీ ప్రశ్నకు ఏలూరు జవాబు

“మీకు సొంత అభిప్రాయమనేది ఉండదాండీ?”

ఎనిమిదేళ్ళ కిందట, ఏలూరులో వాళ్ళింటి వసారాలో కూర్చోబెట్టి మానస నన్నలా కడిగేసింది. బయట వాన. చదువుకి హంగేరీ వెళ్ళకముందు చర్చి క్వయర్లో ఆమె పాడేది, నేను కీబోర్డు వాయించేవాణ్ణి. పాట మధ్యలో ఆమె నావైపు చూస్తే నా వేళ్ళు దారి తప్పేవి. ఆ ఒక్క సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ ఆమెతో మాట్లాడేవాణ్ణి.

అప్పటికామె రెండేళ్ళుగా బుడాపెస్టులో సోషియాలజీ రీసెర్చ్ చేస్తోంది. సెలవులకొచ్చింది. హంగేరీలో ఒకప్పుడు పెళ్ళయిన ఆడవాళ్ళు తమ పేరు పూర్తిగా వదిలేసి భర్త పేరుతోనే చెలామణి అయ్యేవారట. ఇప్పటి అమ్మాయిలు ఏ పేరు ఉంచుకుంటున్నారు, ఎందుకు అన్నది ఆమె పరిశోధన. అక్కడి అబ్బాయిల్ని అడిగే ప్రశ్నల్నే ఇక్కడ మా మీదా ప్రయోగిస్తోంది.

“పెళ్ళయ్యాక భార్య పుట్టింటి పేరే ఉంచుకుంటే మీకు సమ్మతమేనా?”

“మీ ఇష్టమండీ.”

“నా ఇష్టం కాదండీ, మీది చెప్పాలి.”

“మీరెలా అంటే అలాగేనండీ.”

ఆమె పెన్ను మూసేసింది. “నిన్నట్నుంచి పదకొండు మందిని అడిగాను జీవన్ గారూ. అందరిదీ ఇదే వరస. అక్కడివాళ్ళు ముఖం మీదే కుదరదంటారు. ఇక్కడ మర్యాదతో సర్వేని చంపేస్తున్నారు. మీ జవాబుని ‘అభిప్రాయం లేదు’ గడిలో వేస్తాను, తెలుసాండీ?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“హంగేరీ వెళ్ళనా అని అడిగినప్పుడూ మీ ఇష్టమే అన్నారు. అప్పుడు కూడా ఆ గడిలోనే వేసుకున్నాను.”

ఆమె చదువుకు అడ్డం పడకూడదని నేను పాటించిన మర్యాద అది. ఆమెకి అది పట్టనితనంలా కనిపించింది.

“తాడేపల్లిగూడెం సంబంధం వచ్చింది. సాయంత్రం నాన్నగారు వాళ్ళకి మాటిచ్చేస్తారు. ఏమంటారు?”

అలవాటుగా నోట్లోకొచ్చిన మాటని మింగేశాను.

“వద్దండీ. నాకు మీరంటే ప్రేమండీ, క్వయర్లో చేరిన రోజునుంచీ. మీరు వెళ్ళి చదువు పూర్తి చేసుకోండి, కానీ పెళ్ళి నన్నే చేసుకోండి. మీ ఇంటిపేరు మీరే ఉంచుకోండి. ఇది మర్యాదకి చెప్పట్లేదండీ.”

జవాబు విన్నప్పుడు సర్వే చేసేవాళ్ళ ముఖంలో ఏమీ కనబడకూడదట. మానస ఆ నియమం తప్పింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అంతలో వాళ్ళ నాన్నగారు ప్రభుదాసు గారు వసారాలోకొచ్చారు. “ఏమ్మా, గూడెం వాళ్ళకి ఏం చెప్పమంటావు?”

“కుదరదని చెప్పండి నాన్నా.”

ఆయన ఆమెను చూసి, నన్ను చూసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. “పెదపాడులో మీ అమ్మగారుంటారు కదూ బాబూ?” అన్నారు.

“రేపు పొద్దున బస్సుకి తీసుకొస్తానండీ.”

“ఈ వానలో ఆవిణ్ణి బస్సెక్కించడం దేనికి? మేమే వస్తాం, పద. కారు తీస్తాను.”

పెదపాడు దాకా దారికి రెండుపక్కలా చేపల చెరువుల మీద వాన పడుతూనే ఉంది. ఆయన ముందు, మేమిద్దరం వెనక. మానస కిటికీ అద్దం దించి చెయ్యి వానలోకి చాపింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తుంటే, ఏదో చెబుతున్న మానస సగంలో ఆగిపోయి కిటికీ అద్దం దించుతుంది.