కుర్చీలో నడిచిన బస్సు

"చూడరా, నీ పెళ్లాం వాలకం చూడు! పట్టపగలు వంటింట్లో కుర్చీ వేసుకుని, గిన్నె మీది మూత పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. పైగా తనలో తనే మాటలు. ఈ ఇంటికి ఏం పోయేకాలం వచ్చిందో..."

అత్తగారు మూత లాక్కుని మూలకి విసిరికొట్టింది. అది ఖంగుమని మోగి, దొర్లి దొర్లి పొయ్యి పక్కన ఆగింది. ఎదురు గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. లోపలినుంచి మాట వినపడి ఎన్నాళ్లయిందో! బస్సు తోలుతుంటే వీధి వీధంతా పలకరించే ఆ కొడుకు, ఓ వానరోజు బండి జారి కాలు పోగొట్టుకున్నాక గోడకేసి తిరిగి పడుకున్నాడు. ప్రయాణికులందరూ క్షేమంగానే ఉన్నారు కదండీ అని కోడలు వెయ్యిసార్లు చెప్పింది. రాతికి చెప్పినట్టే అయింది.

డిపోవాళ్లు దయతలచి అతని డ్రైవరు ఉద్యోగం కోసం ఆమెకు శిక్షణ ఇస్తున్నారు. నేర్చుకోవడం అంతా నేర్చుకుంది గానీ, ఆ ఎత్తు సీట్లో కూర్చుంటే చాలు, కాళ్లలో వణుకు! తన మొగుడి కాలు తీసుకున్న సీటు కదా అదీ... పరీక్ష తప్పితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అప్పుడీ ముగ్గురి గతీ ఏంకాను? నేర్పే మేడమ్ ఆమె భుజం మీద చెయ్యివేసి, "బండి ముందు నీ మనసులో నడవాలమ్మా. ఇంట్లో కూర్చుని దారంతా ఊహించుకో, పైకి చెప్పుకో. తోలగలను అనకు, తోలుతున్నాను అను" అంది. అది విన్న దగ్గర్నుంచీ వంటింట్లో, గిన్నె మూతే స్టీరింగ్‌గా, ఈ భాగోతం.

మర్నాడు అత్తగారు గొణుగుతూనే ఉంది. కోడలు మూత తీసి, తుడిచి, మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"నేను డ్రైవర్ని. బస్సు నా చేతిలో ఉంది. మార్కెట్ దాటాను... వంతెన దిగుతున్నాను... ఆసుపత్రి మలుపు తిప్పుతున్నాను..."

"ఏ గేరులో?"

గది లోపలినుంచి వచ్చిందా మాట! అత్తగారి చేతిలోని చెంబు జారిపోయింది.

"మూ... మూడులోనండీ."

"బోల్తా కొడుతుంది. వంతెన దిగకముందే రెండుకి దించుకోవాలి."

ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. ఒళ్లో మూత పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చేసింది. లోపలి గొంతు విసుక్కుంది. "ఏడుపు తర్వాత. నడిరోడ్డు మీద బండి ఆపేశావు. ముందు పక్కకి తియ్యి."

ఆ రోజునుంచీ ఆ ఇంట్లో బస్సే బస్సు! తలుపు ఓరగా తెరుచుకుంది, తర్వాత పూర్తిగా తెరుచుకుంది. అతను మంచం మీదినుంచే మాటల్లో అడ్డంగా కుక్కని పరిగెత్తించేవాడు, ఎదురుగా లారీ తెచ్చిపెట్టేవాడు. "ఖాళీ బండి ఎవరైనా తోలతారు. నీ బస్సులో జనమేరీ?" అని ఒకనాడు కోప్పడ్డాడు. కొడుకు గొంతు విని విని కరిగిపోయిన అత్తగారు అప్పటికే పీట లాక్కొచ్చి కుర్చీ వెనక వేసింది. "నేనున్నానుగా. అమ్మాయ్, నన్ను మార్కెట్ దగ్గర దించు. మెల్లిగా ఆపకపోయావో, నీ సంగతి చెప్తా" అని కూలబడింది. ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడటం అందరికీ కొత్తగానే తోచింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎత్తు ఎక్కుతుండగా ఎవరో తోపుడుబండి అడ్డం తోసుకొచ్చారు. ఆమె బ్రేకు వేసింది, ఇంజను ఆగిపోయింది. వెనకనుంచి ఒకటే హారన్లు. పరీక్షాధికారి పెన్ను తీశాడు. కాళ్లలో అదే వణుకు, పాదాలనుంచి మోకాళ్లదాకా!

"నేను డ్రైవర్ని" అంది ఆమె పైకే. నమ్మకం కలగలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అంది. "భయపడుతున్న డ్రైవర్ని. అయినా బండి వెనక్కి జారలేదు. హ్యాండ్ బ్రేకు వేశాను. క్లచ్ తొక్కాను. ఇంజను స్టార్ట్ చేస్తున్నాను..."

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

"నాతోనేనండీ. చెబితేగానీ వినదీ కాలు."

బండి గుర్రుమంది. ఎత్తెక్కి, సాఫీగా అవతలికి దిగింది! పరీక్షాధికారి చిన్నగా నవ్వి, "రేపట్నించి జనాన్ని ఎక్కించుకో" అన్నాడు.

మొదటి డ్యూటీలో, వాళ్ల వీధి చివర స్టాపులో చంకకర్రలతో అతను నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్లమ్మ. ఆమె బస్సుని మెల్లిగా వాళ్ల ముందు ఆపింది. అతను ఒక్కో మెట్టూ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద ఆమె చేతులకేసి చూశాడు.

"మీ చోట్లో కూర్చున్నాను... బాధగా ఉందా?"

"ఉంది. అబద్ధమెందుకు?" అతను కర్రలు పక్కన ఆనించాడు. "కానీ ఒకటి చెప్పనీ. ఇన్నాళ్లూ నేనూ ఊహించుకుంటూనే పడుకున్నాను. కళ్లు మూస్తే చాలు, బండి జారేది, గుద్దుకునేది, అందరూ అరిచేవాళ్లు. రోజూ అదే. మాట కంటే ముందు ఏడుపొస్తుందని నోరు మూసుకున్నాను. నువ్వు వంటింట్లోంచి బస్సు తీశాకనే, కళ్లు మూసుకున్నా బండి క్షేమంగా పోవడం చూశాను."

ఆమె చెంపల మీద కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి మరి. కండక్టర్ బెల్లు కొట్టాడు, బస్సు కదిలింది.

వెనక సీట్లో అత్తగారు, పక్కావిడ అడక్కుండానే, "తోలేది మా కోడలు" అంది. కొంగుతో కళ్లొత్తుకుని, "ముందు కూర్చున్నవాడు మా అబ్బాయి. ఇవాళే బయటికొచ్చాడు" అని చెప్పింది.