నాలుగు డజన్ల గొడుగులు

ఆ రోజు పొద్దున ఇంట్లో నలుగురున్నారు. వసారాలో జపమాల తిప్పుతూ సుబ్బలక్ష్మమ్మ. వంటింట్లో ఉప్మా కలుపుతూ ఆమె కోడలు నాగలక్ష్మి. ముందు భాగంలో ఉన్న దుకాణంలో కొడుకు పుల్లారావు. మధ్య గదిలో జడ వేసుకుంటూ, ముగ్గురి గొంతులూ వింటూ, మనవరాలు అమూల్య. నలుగురే కాదు, మధ్య గదిలో కాలు పెట్టే సందు లేకుండా నాలుగు డజన్ల గొడుగులు కూడా ఉన్నాయి.

"ఒరే పుల్లయ్యా! ఈ నల్ల కట్టలు ఏందిరా?" అని అరిచింది సుబ్బలక్ష్మమ్మ.

"గొడుగులమ్మా," దుకాణంలోంచి జవాబు వచ్చింది.

"అది నాకూ కనపడతాంది. ఎవరికని తెచ్చినావు? శ్రావణం పోతాంది, చుక్క రాలలా. రాచర్లలో గొర్రెలకు పడతారా గొడుగులు?"

నాగలక్ష్మి వంటింట్లోంచి అందుకుంది. "పోయిన తూరి ఫ్లాస్కులు. అంతకు ముందు ప్లాస్టిక్ స్టూళ్ళు, టిఫిన్ డబ్బాలు. సగం నంద్యాల మనింట్లోనే ఉందత్తా."

ఒకప్పుడు రూపాయి సరుకు తెచ్చే ముందు పదిమందిని విచారించే మనిషి పుల్లారావు. నిరుడు గిద్దలూరు బ్యాంకు లైన్లో ఉన్నట్టుండి గుండె పట్టేసి, చెమటలు కారి, కింద కూర్చుండిపోయాడు. ఒంగోలు తీసుకుపోయి అన్ని పరీక్షలూ చేయించారు. గుండెకు ఏమీ లేదన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ రోజు నుంచి ఆయన తలుపు వేసిన గదిలో ఉండలేడు. ఊపిరి ఆడదంటాడు. రాత్రిళ్ళు వీధి తలుపు తెరిచే పడుకుంటాడు. కుక్కలొస్తాయిరా అని తల్లి గొణిగినా వినడు. స్నానాల గదికి గడియ పెట్టడు. నాలుగు నెలలుగా వారం మార్చి వారం, గురువారం, దుకాణం మూసి సరుకు కోసమని రైలెక్కి నంద్యాల పోయి వస్తున్నాడు.

అమూల్య కాఫీ తీసుకుని దుకాణంలోకి వెళ్ళింది. పుల్లారావు కాటా బల్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు తెల్లగా అయిపోయాయి.

"చింతపండు... బెల్లం... పసుపు... అగరబత్తీలు..." అని తనలో తాను అనుకుంటున్నాడు.

"నాయనా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదమ్మా. ఏ సరుకు అయిపోయిందో చూసుకుంటాండా."

ఎదురుగా ఉన్నవన్నీ నిండు డబ్బాలే. అమూల్య గ్లాసు అక్కడ పెట్టి వెనక్కి వచ్చేసింది. ఆమెకు ఎవర్నీ గట్టిగా అడిగే అలవాటు లేదు. బడిలో కూడా జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు.

గొడుగులు సగమన్నా వెనక గదిలో సర్దమని నాయనమ్మ చెప్పింది. ఫ్లాస్కుల అట్టపెట్టె జరపబోతే అడుగున నీలం రంగు ఫైలు కనిపించింది. అది నంద్యాలలోని మానసిక వైద్యుడి ఫైలు. పైన నాయన పేరే ఉంది. లోపల ఎనిమిది గురువారాల రసీదులు. డాక్టరు ఫీజు, మాత్రలు, ఇంకా 'కౌన్సెలింగ్, ముప్పావు గంట' అని విడిగా ఒక చీటీ. ఒక కాగితం మీద చేతిరాతతో, 'భయం వచ్చినప్పుడు ఎదురుగా కనిపించే వస్తువుల పేర్లు నెమ్మదిగా చెప్పుకోండి' అని ఉంది. దాని కింద ఎర్ర గీత గీసి, 'డాక్టరును అడగకుండా మాత్రలు ఆపవద్దు' అని రాశారు.

చింతపండు, బెల్లం, పసుపు. అమూల్య ఫ్లాస్కుల పెట్టె మీద కూలబడింది.

అదే ఫైలులో సరుకు బిల్లులు కూడా ఉన్నాయి. తేదీలు చూస్తే అవే ఎనిమిది గురువారాలు. ఆమె ఒక కాగితం మీద లెక్క కట్టింది. వైద్యానికి అయింది పన్నెండు వేలు. స్టూళ్ళకు, డబ్బాలకు, ఫ్లాస్కులకు, గొడుగులకు అయింది అరవై మూడు వేలు. ఊళ్ళో దుకాణం మూసి పోయేవాడు చెప్పుకోగలిగిన కారణం సరుకు ఒక్కటే. ఉత్త చేతులతో తిరిగొస్తే ఎందుకు పోయినావని నలుగురూ అడుగుతారు. అందుకని నాయన ప్రతిసారీ ఏదో ఒకటి కొనుక్కొచ్చాడు.

అప్పుడే పెరట్లోంచి ఆయన గొంతు వినిపించింది. ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నాడు. "ఇంక రాను మేడం... లేదు మేడం, మీ వల్ల కాదు. నాకే గిట్టుబాటు కావడం లేదు. మాత్రలు కూడా ఆపేస్తాలెండి... ఎట్లనో తట్టుకుంటా."

తట్టుకోలేకపోతే? ఆ రోజంతా ఆయన ఎటు పోతే అటు అమూల్య చెవి పోయింది. పుస్తకం ముందు పెట్టుకుంది గానీ పేజీ తిప్పలేదు. బావి వైపు ఆయన చెప్పుల చప్పుడు వినపడితే చాలు, లేచి కిటికీ దగ్గరికి పోయేది.

సాయంత్రం రజిని దుకాణానికి వచ్చింది. ఆ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి మందులిచ్చే ఆశా కార్యకర్త ఆమె. ఎప్పటిలాగే కావాల్సిన సరుకులు చీటీ రాసి తెచ్చింది. పుల్లారావు లోపల బియ్యం తూస్తున్నాడు. అమూల్య నోటితో అడగలేక చీటీ తిప్పి, వెనక వైపు రాసింది. 'అక్కా, మా ఊళ్ళో ఒకరికి భయం జబ్బు ఉంది. మాట్లాడే వైద్యానికి డబ్బులు చాలడం లేదని మానుకుంటున్నారు. తక్కువలో ఎక్కడైనా చూస్తారా?' చిల్లరతో కలిపి చీటీ రజిని చేతిలో పెట్టింది.

రజిని చదివింది. ఎవరని అడగలేదు. "పప్పు సరిపోలా పాపా, రేపు మళ్ళా వస్తా," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మర్నాడు చీటీ తిరిగి వచ్చింది. ముందు వైపు పావు కిలో కందిపప్పు. వెనక వైపు, '14416కు ఫోను చేయమను. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మార్కాపురం సర్కారు ఆసుపత్రిలో కనుక్కున్నా. బుధవారం చూస్తారంట. ఓపీ చీటీ తీసుకుంటే చాలు, మాత్రలు కూడా ఇస్తారు. తోడు కావాలంటే నేనొస్తా.'

అమూల్య వెనక గదిలో గొడుగుల మధ్య కూర్చుని ఆ నంబరుకు చేసింది. అవతల నమస్తే అనగానే భయపడి పెట్టేసింది. మళ్ళీ చేసింది. "నిదానంగా చెప్పమ్మా, తొందరేం లేదు," అంది అవతలి గొంతు. ఇంతవరకు ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పింది. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పడమే మొదటి పని అని వాళ్ళన్నారు. చెప్పడమే ఆమెకు రాని పని.

చెప్పే లోపలే ఇంట్లో గొడవ మొదలైంది. అమూల్య కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు కోసం నాగలక్ష్మి బీరువా తీసింది. సంచీ ఖాళీగా ఉంది.

"ఇరవై వేలు ఏవండీ?" ఆమె మధ్య గదిలోకి వచ్చి నిలబడింది. "నిజం చెప్పండి. నంద్యాలలో ఎవరున్నారు?"

"ఏమే! నోటికెంత వస్తే అంత మాటా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"మీ కొడుకు గురువారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకొని పోతాంటే నేనేమనుకోవాలత్తా? నిన్నగాక మొన్న పెరట్లో ఫోను. మేడం, మేడం అని గుసగుసలు. ఎవరా మేడం?"

"అట్లాంటిదేం లేదు నాగలక్ష్మీ..."

"అయితే ఎట్లాంటిదో చెప్పండి! నా బిడ్డ ఫీజు గొడుగుల్లో పోసినారా, ఆ మేడం ఒళ్ళో పోసినారా?"

పుల్లారావు నోరు తెరిచాడు. చెయ్యి గుండె మీదికి పోయింది. గోడకు జారి గొడుగుల కట్టల మధ్య కూర్చుండిపోయాడు. ఊపిరి ఎగబీలుస్తున్నాడు. "అయ్యో నాయనా!" అని తల్లి లేచింది. నాగలక్ష్మి కొయ్యబారిపోయింది.

అమూల్య పరుగున వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, నా వైపు చూడు. ఏం కనపడతాందో చెప్పు. ఒక్కొక్కటే చెప్పు."

ఆయన కళ్ళు గది అంతా వెతికాయి. "గొ... గొడుగులు."

"ఇంకా?"

"గొడుగులు... ఇంకా గొడుగులు..."

ఆయన నోట్లోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. అప్పుడు ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఈ ఉపాయం ఈమెకు ఎట్లా తెలుసు?

అమూల్య గొంతు సన్నగా ఉంది గానీ ఆగలేదు. "అమ్మా, నాయన డాక్టరు దగ్గరికి పోతాండాడు. భయం జబ్బుకు. ఆ మేడం మాట్లాడించి నయం చేసే ఆమె. గొడుగులన్నీ మనకు తెలియకూడదని తెచ్చినవి."

"ఎవరికి చెప్పినావు?" అన్నాడు పుల్లారావు.

"పేరు ఎవరికీ చెప్పలా నాయనా. ఫైలు చూసినా, అంతే. నువ్వు మానేస్తానన్నావని భయమేసింది."

ఆయన తల దించుకున్నాడు. "దుకాణం మనది నమ్మకం మీద నడిచేది తల్లీ. శెట్టికి మతి సరిగా లేదంట అని ఒక్కడన్నా చాలు. తూకం సరిగా వేస్తాడో లేదో అంటారు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంటారు. అందుకే అంత దూరం పోయినా."

నాగలక్ష్మి ఆయన పక్కన కింద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. "ఆ మేడం..."

"అరవై ఏళ్ళుంటాయి. మనవళ్ళున్నారు."

"నాతో ఒక్క మాటన్నా అనకూడదా?" అంటూ ఆయన భుజం మీద కొట్టి, అదే భుజానికి తల ఆనించి ఏడ్చింది.

సుబ్బలక్ష్మమ్మ జపమాల పక్కన పెట్టింది. "మీ నాయన కూడా తలుపు వేయనిచ్చేవాడు కాదురా. అర్ధరాత్రి లేచి వీధిలో నిలబడేవాడు. దిష్టి తీసినాం. తాయెత్తు కట్టించినాం. ఏమయ్యా, నీకేం భయమని కూర్చోబెట్టి అడిగినోళ్ళు ఒక్కరు లేరు. నేనూ అడగలా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గాలి సోకిందనుకున్నా."

అమూల్య జేబులోంచి తను కట్టిన లెక్క కాగితం తీసి అమ్మకిచ్చింది, రజిని చీటీ నాయనకిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"మార్కాపురమా? అక్కడ వీధికి నలుగురు మనోళ్ళే. చూస్తారమ్మా."

"చూస్తే చూడనీ," అంది నాగలక్ష్మి. "నా బిడ్డ వేసిన లెక్క చూడండి. వైద్యానికి పన్నెండు వేలు, దాచిపెట్టడానికి అరవై మూడు వేలు. ఇన్నేళ్ళు వ్యాపారం చేసినారు, ఇట్లాంటి బేరం ఎప్పుడన్నా చేసినారా? ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో రండి. దుకాణం నేను చూసుకుంటా."

"మాత్రలు మాత్రం ఈ రాత్రే వేసుకోవాలి నాయనా," అంది అమూల్య.

ఆ బుధవారం పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు ఆటో కోసం నిలబడ్డారు. ఆయన చేతిలో నీలం ఫైలు తప్ప సంచి కూడా లేదు. ఊళ్ళో ఆటో నడిపే చెంచయ్యే వచ్చాడు.

"ఏం శెట్టన్నా, సరుక్కేనా? ఈసారి రెయిన్ కోట్లు తేన్నా, గొడుగులకు జోడీగా ఉంటాయి!"

పుల్లారావు ఫైలును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"సరుక్కు కాదురా. ఆసుపత్రికి. భయం జబ్బు ఉంది నాకు. చూపించుకుంటాండా."

చెంచయ్య నవ్వు ఆగిపోయింది. గిద్దలూరు బస్టాండులో దించి, డబ్బులు తీసుకుంటూ మెల్లగా అడిగాడు.

"అన్నా... అక్కడ ఏ వారం చూస్తారన్నా? మా ఇంట్లో ఆమె కాన్పు అయినప్పటి నుంచి మనిషి మనిషిగా లేదు. బిడ్డనెత్తుకోదు. ఎవరినడగాలో తెలీక..."

"బుధవారం," అన్నాడు పుల్లారావు. "వచ్చే వారం మాతో రండి. ఓపీ చీటీకి నేను నిలబడతా."

మార్కాపురం బస్సులో ఆడవాళ్ళకు ఉచితమని అమూల్యకు జీరో టికెట్టు. ఖర్చల్లా నాయన ఒక్కడి టికెట్టే. ఆసుపత్రిలో డాక్టరు నంద్యాల ఫైలంతా ఓపిగ్గా చదివి, ఆ మాత్రలే రాశాడు. పక్కన ఇంకో చిన్న గదిలో మాట్లాడే వైద్యం. పుల్లారావు తలుపు వేయొద్దన్నాడు. కూతుర్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. బయట వరుసలో ఉన్నవాళ్ళకు వినపడుతుందని మిరపకాయల ధరలు, రైలు వేళలు మాట్లాడి లేచి వచ్చేశాడు. రెండో బుధవారం తలుపు సగం మూశారు. ఆయన కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. నిరుడు బ్యాంకులో ఏమైందో మాత్రం కొంచెం చెప్పాడు.

మూడో బుధవారం వరుసలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చెంచయ్య, పక్కన అతని భార్య కూడా ఉన్నారు. దారిలో సన్నగా తుంపర పడింది. ఇంట్లో నాలుగు డజన్లుండి చేతిలో ఒక్క గొడుగు లేదని తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు.

"పుల్లారావు గారూ," అని లోపలి నుంచి పిలిచారు.

అమూల్య ఎప్పటిలా ఫైలు తీసుకుని ఆయన వెనకే లేచింది. గడప దగ్గర ఆయన ఆగాడు. తిరిగి, ఆమె చేతిలోంచి ఫైలు తీసుకున్నాడు.

"నువ్వు ఇక్కడే కూర్చో తల్లీ," అన్నాడు. "ఈపొద్దు మా నాయన గురించి చెప్పాలి."

ఆయన గడియ పట్టుకున్నాడు. ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. ఏడాదిగా ఏ తలుపూ మూయని మనిషి, తన చేత్తోనే మెల్లగా, ఆమె ముఖం మీదే తలుపు వేసుకున్నాడు.