దుబాసీ మోసిన ప్రోగ్రామ్

"నీ ప్రోగ్రామ్‌కి నడుంనొప్పా?" అంది ఇల్వా.

టోర్కెల్ కుర్చీ తిప్పి చూశాడు. దేశానికి ఉత్తరాన ఉన్న ఉమియో నుంచి రెండు నెలల కాంట్రాక్టు మీద ఈ దక్షిణాది ఊరు లుండ్‌కి వచ్చిన కొత్త టెస్టర్. వచ్చి గంట కూడా కాలేదు, జుట్టులోంచి వాన నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"టీచరు మాట్లాడేసి నోరు మూశాక గానీ తెర మీద అక్షరాలు రావడం లేదు. చెవులు వినపడని పిల్లలు ఎంతసేపని చూస్తారు?"

"కొత్త ప్రాసెసర్‌కి మారుస్తున్నా. అందాకా ఓపిక పట్టు తల్లీ!"

మాట నిజమే. పాత ప్రాసెసర్‌కి రాసిన ప్రోగ్రామ్ కొత్తదానికి అర్థం కాదు. అందుకని ఈ కొత్త కంప్యూటర్లలో ఒక దుబాసీ ఉంటుంది. పాత భాషని అప్పటికప్పుడు తర్జుమా చేసి పెడుతుంది. పని జరుగుతుంది గానీ నత్తనడక. ఆ దుబాసీ అవసరమే లేకుండా చేయడం టోర్కెల్ పని.

ఇల్వా అవునని నోటితో అనదు. చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తుంది, అంతే. ఉమియో వాళ్ళ అలవాటు.

"మళ్ళీ పీల్చావా? ఆఫీసులో గాలంతా నువ్వే అవగొట్టేస్తున్నావ్."

"గొంతులో గంజి పెట్టుకుని మాట్లాడే మీ లుండ్ వాళ్ళకంటే నయమే!"

ఇలా అయిదు వారాలు గడిచాయి. ఆమె నవ్వు వినకపోతే టోర్కెల్‌కి పొద్దు గడవడం మానేసింది.

సోమవారం, ఆమె మెచ్చుకుంటుందనే ఆశతో, "మార్చడం అయిపోయింది!" అని ప్రకటించేశాడు.

"భేష్! అయితే టెస్టర్ పనీ అయిపోవచ్చినట్టే," అంది మేనేజర్ గునెల్. "ఇల్వా, మూడు వారాలు ముందే ఇంటికెళ్ళిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం రైలు చూసుకో."

కూర్చున్న కొమ్మ తనే నరుక్కున్నట్టయింది టోర్కెల్‌కి. ఇల్వా తల వంచుకుని ఏదో టైపు చేస్తూ ఉండిపోయింది.

మంగళవారమంతా అతను కుదురుగా కూర్చోలేదు. తాగని కాఫీ ఆరుసార్లు తెచ్చుకున్నాడు.

"ఇల్వా..."

"ఊఁ?"

"ఏం లేదు. వానొచ్చేలా ఉంది."

"లుండ్‌లో ఎప్పుడు రాదు గనక!"

బుధవారమూ అదే వరస.

గురువారం మధ్యాహ్నం, బధిరుల బడికి పంపాల్సిన సరికొత్త కంప్యూటర్ పెట్టె విప్పి, అందులో తన ప్రోగ్రామ్ నొక్కాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ ప్రోగ్రామ్ నడవాలంటే దుబాసీ కావాలి, పెట్టమంటారా?

టోర్కెల్‌కి అప్పుడు అర్థమైంది. తన కంప్యూటర్లో ఎన్నడో నెలల కిందట ఇదే ప్రశ్నకి సరే అని నొక్కి మర్చిపోయాడు. ప్రోగ్రామ్‌లో తరగతి గోలని వడగట్టే చిన్న ముక్క ఒకటి పాత ప్రాసెసర్‌దే మిగిలిపోయింది. దాంతో ప్రోగ్రామంతా పాత రూపంలోనే నడుస్తోంది. దుబాసీ నోరెత్తకుండా మోస్తుంటే, నడుస్తోంది కదా అని ఈ పెద్దమనిషి మురిసిపోయాడు!

చెబితే ఇల్వా ఉంటుంది. కానీ, పిల్లని ఆపడానికి నాటకమాడాడని ఆఫీసంతా నవ్వుతుంది. ఇల్వా కూడా అలాగే అనుకుంటే? ఇల్లు చేరినా కాళ్ళు ఒకచోట నిలవలేదు.

కాని పనిని అయిందన్నవాడు శుక్రవారం మూడు గంటలకి ఆకుపచ్చ కేకు తెచ్చి, అందరి ముందూ తన తప్పు తనే చెప్పుకోవాలి. అది ఆ ఆఫీసు కట్టుబాటు. టోర్కెల్ వానలో తడిసిన కేకు పెట్టెతో కాఫీ గదిలోకి వచ్చేసరికి అందరి చూపులూ ఆ పెట్టె మీదే.

"పని కాలేదు. తప్పు నాదే," అని మొత్తం చెప్పేశాడు.

"అయితే మూడు వారాల పని ఉంది," అంది గునెల్. "ఇల్వా, ఉంటావా?"

ఇల్వా గబుక్కున లేచి బయటికి వెళ్ళిపోయింది. టోర్కెల్ వెనకే పరిగెత్తాడు. వరండాలో సూట్‌కేసు పక్కన నిలబడి ఉంది.

"నాటకం అనుకుంటున్నావా? ఒట్టు, నిన్ననే చూశాను!"

"నాకు సోమవారమే తెలిసిపోయింది."

ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. దుబాసీ సంగతంతా రిపోర్టులో రాసి ఉంది. పంపలేదు.

"నాలుగుసార్లు పంపబోయాను. ఉండిపోవడానికి వంక వెతుక్కుందని నువ్వు అనుకుంటావేమోనని భయం. రైలెక్కాక పంపేద్దామనుకున్నా. అప్పుడు ఎవరూ ఏమీ అనుకోరుగా."

"అంటే... నీకు ఉండాలనే ఉందా?"

ఆమె ల్యాప్‌టాప్ మూసి సూట్‌కేసు మీద పెట్టింది.

"ఇల్వా, ఈసారి వాన సంగతి కాదు. నాకు నువ్వంటే ఇష్టం. నువ్వు లేని ఆఫీసు తలుచుకుంటేనే భయంగా ఉంది. మూడు వారాలయ్యాక కూడా ఉంటావా? నా కోసం?"

ఇల్వా తలెత్తి చూసింది. చటుక్కున ఊపిరి లోపలికి పీల్చింది.

"సరిగ్గా వినపడలేదు," అన్నాడు టోర్కెల్. "ఇంకోసారి."

ఇల్వా నవ్వుతూ ఇంకోసారి పీల్చింది.